వెనక గుండీల గౌను

మా మావయ్య కనుబొమల మీద ఎప్పుడూ దూది ఉండేది. తల మీద, చెవుల్లో, చొక్కా జేబులో కూడా ఉండేదనుకోండి, కానీ కనుబొమల మీది దూదే ముందు కనిపించేది. బస్సులో ఎక్కితే చాలు, "పాపం, పెద్దాయన" అని ఎవరో ఒకరు లేచి కిటికీ పక్క సీటు ఇచ్చేవాళ్ళు. అప్పటికి ఆయనకి నలభై కూడా నిండలేదు. మావయ్య ఆ సీట్లో కూర్చుని, మర్యాదకి ఓ ముసలి దగ్గు దగ్గేవాడు. లేచినవాళ్ళ మనసు నొచ్చుకోకూడదట.

మా అమ్మకి స్వయానా తమ్ముడు. పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇంట్లోనూ లేరు, పనిచేసే చోటా లేరు. అందరికీ దూది మావయ్యే. పని మ్యూజియంలో, దుస్తుల హాల్లో. ఏం పనంటే ఒళ్ళు తయారుచేయడం.

కంగారుపడకండి. పాత బట్టలకి ఒళ్ళన్నమాట. రెండొందల ఏళ్ళనాటి గౌనుని అద్దాల పెట్టెలో నిలబెట్టాలంటే లోపల ఏదో ఒకటి ఉండాలి కదా. బట్టల కొట్లో నిలబెట్టే బొమ్మలు పనికిరావు. అవి ఈ కాలపువి, ఛాతీ విరుచుకుని నిలబడతాయి. తాతల నాటి చొక్కా వాటికి తొడిగితే చంకల్లో పర్రున చిరుగుతుంది. అందుకని ఒక్కో బట్టకి ఒక్కో ఒళ్ళు విడిగా చేయాలి. మధ్యలో కర్ర, చుట్టూ తీగ, దాని మీద పొరలు పొరలుగా దూది, ఆపైన పాత బనీను గుడ్డ లాగి కుట్టడం. తల ఉండదు, చేతులుండవు. మా స్టాఫంతా వాటిని మొండేలు అంటారు. నేలమాళిగలో మావయ్య గది నిండా మొండేలే. నేను అదే మ్యూజియంలో టికెట్ల కిటికీ దగ్గర కూర్చుంటాను కాబట్టి టీ పట్టుకుని రోజూ దిగేదాన్ని, అలవాటైపోయింది. మా ఆయన మాత్రం ఒక్కసారి దిగి, అంతే వేగంగా ఎక్కేశాడు.

మావయ్యకి పనిలో ఒకటే పట్టుదల. ముందు బట్టని అడగాలి, చుట్టాలని అడక్కూడదు.

"చుట్టాలకి మనిషి మీద ప్రేమో కోపమో ఉంటుందే," అనేవాడు. "ప్రేమున్నవాళ్ళు పొడుగు పెంచుతారు, కోపమున్నవాళ్ళు లావు పెంచుతారు. బట్టకి అలాంటివేం లేవు. పైకి ఎన్ని కుచ్చులు పెట్టినా లోపలి కుట్టు తిరగేసి చూశావంటే మనిషి దొరికిపోతాడు."

ఓసారి ఎవరో సేనాపతిగారి కోటు వచ్చింది. ఎర్రటి గుడ్డ, బంగారు జరీ, భుజాల మీద కుంచెల్లాంటి కుచ్చులు. మునిమనవలు కూడా వచ్చారు. మా ముత్తాత సింహంలా ఉండేవాడు, తలుపుకి అడ్డంగా నిలబడితే వెలుతురు వచ్చేది కాదు అని చెప్పారు. మావయ్య అన్నీ విని, తలూపి, వాళ్ళు వెళ్ళాక కోటు తిరగేశాడు. ఛాతీ దగ్గర గుడ్డకీ అస్తరుకీ మధ్య అరచేతి మందాన దూది కుక్కి ఉంది. ఆ దూది వెనక ఉన్న మనిషి మా ఎదురింటి బక్కపల్చటి లెక్కల మాస్టారంత ఉంటాడు. అలాగే చేసి నిలబెట్టాడు. మునిమనవలు ప్రారంభానికి వచ్చి చూసి మొహాలు మాడ్చుకున్నారు. చివరికి మా చిన్నమేడం ఉపాయం చెప్పింది. హాలు మొత్తానికీ అధికారి ఆవిడే, వయసులో మాకందరికీ చిన్నది, అందుకని చిన్నమేడం. "ఒళ్ళు పెంచొద్దు బాబాయ్ గారూ, కింద పీట ఎత్తు పెంచుదాం," అంది. సేనాపతిగారు పీటెక్కి సింహమయ్యారు. అందరూ సంతోషించారు.

ఆ హాల్లో మావయ్యతో నడవడం నాకు సరదాగా ఉండేది. ఆయన లెక్కలో కాలాలు రాజులవి కావు, ఒంట్లో ఎక్కడ అబద్ధం చెప్పారన్నదాన్ని బట్టి. "ఇది నడుము అబద్ధం కాలం. ఊపిరి తీసుకోవాలంటే వేరే గదిలోకెళ్ళి తాడు వదులు చేసుకోవాలి. ఇది తుంటి అబద్ధం కాలం. బెత్తంతో బుట్ట అల్లి పావడా కింద కట్టుకునేవాళ్ళు, గుమ్మాల్లో పక్కకి తిరిగి నడిచేవాళ్ళు. ఈ మేజోళ్ళు చూశావా? మగాళ్ళవి. పిక్కలు నిండుగా కనబడాలని లోపల దూది పెట్టుకున్నారు. నా వృత్తికి మూలపురుషులు వీళ్ళేనే!"

ఆ వరసలో చివరిది కాళ్ళ దగ్గర గంటలా విచ్చుకున్న ప్యాంటు. అది మా ఆయనది. కాలేజీ రోజులది అటక మీద దొరికితే మ్యూజియంకి ఇచ్చాడు. ఓ ఆదివారం స్నేహితులని వెంటబెట్టుకుని వచ్చి, అద్దం ముందు నిలబడి, "నాదే!" అన్నాడు. స్నేహితుడు ఆ సన్నటి నడుం చూశాడు, మా ఆయన పొట్ట చూశాడు, మళ్ళీ నడుం చూశాడు. "నీ తమ్ముడిదా?" అన్నాడు. మా ఆయనకి తమ్ముళ్ళు లేరు. ఆ కథ నేను అత్తయ్యకి చెబితే, నవ్వి నవ్వి, నడుం పట్టుకుని మెట్ల మీద కూలబడిపోయింది.

అత్తయ్య సంగతి చెప్పాలి.

అత్తయ్య గుండీల కొట్లో పనిచేసేది. గుండీలు, దారాలు, సూదులు, లేసులు తప్ప ఇంకేమీ అమ్మని కొట్టు. కౌంటరు వెనక గోడంతా చిన్న చిన్న డబ్బాలు, పైకప్పు దాకా. ఒక్కో డబ్బా మీద లోపలున్న గుండీ ఒకటి అంటించి ఉండేది. పొద్దుట్నించీ కుడిచెయ్యి పైకెత్తి డబ్బాలు తీసీ తీసీ ఆవిడ కుడిభుజం ఎడమదాని కంటే కాస్త పైకి ఉండిపోయింది. ఏదో ఒకటి వినడానికి చెవి ఎత్తినట్టుండేది మనిషి.

నోరు మాత్రం సూదే. నాకు కుట్టు నేర్పాలని చూసి ఓడిపోయింది. నేను మొదటిసారి చొక్కా చేతికి అంచు కుడితే చెయ్యి దూరే దారి మూసుకుపోయింది. అది ఎత్తి పట్టుకుని, "ఏమే, ఇది చొక్కానా, సంచీనా? కుట్టు చూడు, చీమల బారులా ఉంది. చీమలైనా ఒక దారిలో పోతాయి కదే తల్లీ!" అంది. అది పట్టుకుని వచ్చినవాళ్ళకల్లా చూపించింది. విప్పించి మళ్ళీ కుట్టించింది. మళ్ళీ విప్పించింది.

కొట్టుకి వేసుకోవడానికి తనే ఓ గౌను కుట్టుకుంది. నేరేడు పండు రంగు, పొడుగు చేతులు, మెడ నుంచి నడుం దాకా వెనక వరసగా గుండీలు. అదే గుడ్డతో పొదిగిన గుండీలు. రాత్రికి ఉతికి ఆరేయడం, పొద్దున్నే ఇస్త్రీ చేసి మళ్ళీ అదే వేసుకోవడం. ఇంకో రెండు కుట్టుకోవచ్చు కదా అంటే, "మీ మావయ్య వేళ్ళకి ఈ కాజాలు అలవాటయ్యాయి, కొత్తవి పెడితే తడబడతాడు," అనేది.

నిజమే, ఆ గుండీలు పెట్టేది మావయ్యే. వాళ్ళింట్లో పొద్దుటి పూట వెళ్ళినవాళ్ళందరూ చూసిన దృశ్యమే అది. పొయ్యి మీద టీ మరుగుతూ ఉంటుంది, అత్తయ్య జడ ముందుకి వేసుకుని నిలబడి ఉంటుంది, మావయ్య వెనక నిలబడి పైనుంచి కిందికి ఒక్కోటే పెడుతూ ఉంటాడు.

"వెనక గుండీలేంటి అత్తయ్యా? సొంతంగా పెట్టుకోలేవు, విప్పుకోలేవు," అన్నాను ఓసారి.

మావయ్యకి అవకాశం దొరికింది. "పూర్వం వెనక గుండీలు ఎవరు పెట్టించుకునేవాళ్ళో తెలుసా? దాసీలున్న దొరసానులు. పనిచేసుకునే ఆడవాళ్ళకి అన్నీ ముందే ఉండేవి."

"అయితే నేనూ దొరసానినే," అంది అత్తయ్య. "దాసుడు ఇదుగో, కనుబొమల నిండా దూదితో. ఊఁ, కానివ్వండి, బస్సు పోతుంది."

ఆఖరి గుండీ పెట్టాక మావయ్య రోజూ ఒకే మాట అనేవాడు. "నూలుపోగంత కూడా మారలేదు నువ్వు. కుట్టిన రోజు ఎంత బిగువో ఇవాళా అంతే."

ఆవిడా రోజూ ఒకే జవాబు. "మారితే మీరు ఊరుకుంటారా? దూది పట్టుకుని తయారైపోరూ!"

ఒకరోజు కొట్లో పై అరలోని డబ్బా అందుకోబోయి అలాగే కింద కూర్చుండిపోయింది అత్తయ్య. ఆస్పత్రికి తీసుకెళ్ళారు. డాక్టరు మావయ్యని బయటికి పిలిచి, జబ్బు చాలా ముదిరిపోయింది, ఇన్నాళ్ళూ ఏం చేశారు అన్నాడట. ఆస్పత్రిలో పచ్చటి గౌను తొడిగారు. దానికి గుండీలు లేవు, వెనక ముడివేసే తాళ్ళు. మావయ్య ముడి వేస్తుంటే, "ఇక్కడా వెనకేనండీ. మీకు సెలవు రాసిపెట్టి లేదు," అంది. ఆ తాళ్ళు చుట్టూ తిప్పి కట్టినా ఇంకా మిగిలిపోయాయి. అంత చిక్కిపోయి ఉంది. కొద్దిరోజులకే పోయింది.

పలకరించడానికి వచ్చినవాళ్ళందరితో మావయ్య ఒకటే చెప్పేవాడు. "మొన్నటిదాకా నిక్షేపంలా ఉందండీ. రోజూ నా చేతులతో నేనే గుండీలు పెట్టాను, నాకు తెలీదా? ఆస్పత్రిలో చేర్చాకే కరిగిపోయింది. మంచులాగా. ఎవరేం చేయగలరు?" డాక్టరు అడిగిన ప్రశ్నకి అదే జవాబు. ఆ జవాబు పట్టుకునే ఆయన లేచి మొహం కడుక్కున్నాడు, మళ్ళీ పనికొచ్చాడు, అన్నం తిన్నాడు. నేనూ ఆ మాట వినపడ్డప్పుడల్లా తలూపేదాన్ని. ఊపకపోతే మనిషి ఏమైపోతాడో అని భయం.

ఏడాది గడిచాక చిన్నమేడం హాలు మొత్తం కొత్తగా సర్దాలని తలపెట్టింది. "రాజుల బట్టలున్నాయి, జమీందార్లవి ఉన్నాయి, మీ ఆయన ప్యాంటు కూడా ఉంది," అంది నాతో నవ్వుతూ. "పనికి వెళ్ళే మామూలు ఆడమనిషి బట్ట ఒక్కటీ లేదు. చివర్లో అది పెట్టాలి. మన కాలానిది, ఒంటి మీద అరిగినది."

మర్నాడు మావయ్య ఓ పొట్లం తెచ్చాడు. విప్పక ముందే నాకు నేరేడు రంగు కనిపించింది.

"ఎవరిది బాబాయ్ గారూ?" అంది చిన్నమేడం.

"తెలిసినావిడదే," అన్నాడు మావయ్య. అని, కనుబొమలు దులుపుకున్నాడు. ఆవిడ నా వైపు చూసింది. నేను టికెట్ల కట్ట సర్దుకున్నాను.

ఆ తరవాత మావయ్య గది తలుపు మూసుకుని పనిచేయడం మొదలెట్టాడు. అది కొత్త. టీ తీసుకెళితే గుమ్మం దగ్గరే అందుకునేవాడు. మొహంలో మాత్రం ఎన్నాళ్ళకో ఓ కళ. చొక్కా మార్చుకుంటున్నాడు, గడ్డం గీసుకుంటున్నాడు. కొత్త పెళ్ళికొడుకులా ఉన్నావేంటి మావయ్యా అని వెక్కిరించబోయి ఆగిపోయాను.

ఒక మధ్యాహ్నం తలుపు తీసి, "రావే, చూద్దువుగాని," అన్నాడు.

గది మధ్యలో మొండెం. గుడ్డ కప్పి ఉంది. మావయ్య ఆ గుడ్డ లాగాడు.

నా చేతిలో టీ ఒలికిపోయింది. తల లేదు, చేతులు లేవు, బనీను గుడ్డ చుట్టిన దూది అంతే. కానీ కుడిభుజం కాస్త పైకి ఉంది. మెడ దగ్గర ఆ చిన్న వంపు. నడుం దగ్గర నిండుతనం. అత్తయ్య నాకు వీపు పెట్టి నిలబడి డబ్బా కోసం వెతుకుతున్నట్టుంది. ఇప్పుడే తిరిగి, "ఏమే, టీ అంతా ఒలకబోశావూ?" అంటుందనిపించింది.

"ఎలా ఉంది?"

"మావయ్యా..." అన్నాను.

"గౌను ముట్టుకోలేదు తెలుసా," అన్నాడు గర్వంగా. "ఒక్క కొలతా తీసుకోలేదు. నాకు కొలతలెందుకు? కళ్ళు మూసుకుని చేశాను."

ఆ మాట వినగానే నాకేదో తేడాగా అనిపించింది. ముందు బట్టని అడగాలి అనే మనిషి ఆయన. కానీ ఆ మొహం చూసి ఎవరైనా ఏమంటారు?

చేతులకి తెల్లటి తొడుగులు వేసుకుని గౌను తీశాడు. మెల్లగా మొండేనికి తొడిగాడు. భుజాలు సరిగ్గా కూర్చున్నాయి. కుడిది పైకి, ఎడమది కిందికి. అచ్చం. వెనక్కి వెళ్ళి పై గుండీ పెట్టాడు. రెండోది పెట్టాడు. మూడోది కాజా దాకా రాలేదు. లాగాడు. రాలేదు. కింద నడుం దగ్గర రెండు అంచుల మధ్యా అరచెయ్యి పట్టేంత ఖాళీ.

"గుడ్డ కుంచించుకుపోయింది," అన్నాడు.

"అయ్యుంటుంది."

"బీరువాలో చెమ్మ. నేను చెబుతూనే ఉన్నాను ఆ బీరువా గోడకి ఆనించొద్దని. లేకపోతే ఆ కొత్త సబ్బు."

"నీ దూదే ఉబ్బిందేమో మావయ్యా, వానలు కదా," అన్నాను తేలిక చేద్దామని.

ఆయన నవ్వలేదు. టేపు తీసి భుజం కొలిచాడు, సరిగ్గా ఉంది. చెయ్యి పొడుగు కొలిచాడు, సరిగ్గా ఉంది. మెడ నుంచి అంచు దాకా కొలిచాడు, అదీ సరిగ్గానే ఉంది. టేపు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కుంచించుకుపోయే గుడ్డ అన్ని వైపులా పోవాలి. చుట్టుకొలత ఒక్కటే ఎలా పోతుంది?

గౌను విప్పి బల్ల మీద పరిచాడు. చాలాసేపు తిరగెయ్యలేదు. వేలాది బట్టలు తిరగేసిన చేతులు ఆ అంచు పట్టుకుని ఆగిపోయాయి. తరవాత తిరగేశాడు.

రెండు పక్కలా, చంక నుంచి తొడ దాకా, లోపల కుట్టు పక్కన కుట్టు, దాని పక్కన ఇంకో కుట్టు. అన్నిటికంటే బయటిది మొదటి కుట్టు. దారం తీసేసి ఉంది, సూది గుచ్చిన బెజ్జాలు మాత్రం మిగిలాయి. దానికి వేలి మందాన లోపలికి ఇంకోటి, అదీ విప్పేసి ఉంది. ఆ లోపల మరోటి, అదీ అంతే. అన్నిటికంటే లోపల ఆఖరిది. లోపలికి మడిచేసిన గుడ్డ చారలు చారలుగా ఉంది. ముందు మడిచిన చార ఇంకా చిక్కటి నేరేడు రంగులోనే ఉంది. తరవాతది కాస్త వెలిసింది. ఆ తరవాతది ఇంకాస్త. ఎండా ఉతుకూ ఒక్కోదాన్ని ఒక్కో కాలం దాకా తాకాయి. ఈ పని చేసేవాళ్ళకి అది చదవడానికి కళ్ళద్దాలక్కర్లేదు. నాకే అర్థమైంది.

మొదటి కుట్ల బెజ్జాలు మిషన్ వేసినంత నీటుగా ఉన్నాయి. ఆఖరిది మాత్రం వంకరటింకరగా, ఒకటి పొడుగు ఒకటి పొట్టి. నేను కుట్టానా అనిపించేలా ఉంది.

మావయ్య ఆ చారల మీద వేలు పెట్టి మెల్లగా జరుపుతూ వెళ్ళాడు.

"ఇది ఆస్పత్రిలో జరిగింది కాదే," అన్నాడు. "ఒక వానాకాలంలో జరిగింది కూడా కాదు. చూడు ఈ రంగు."

నేను వంగి చూశాను.

"నేను పెడుతూనే ఉన్నాను రోజూ. అదే బిగువు. నూలుపోగంత తేడా లేదు. తను సన్నబడ్డప్పుడల్లా గౌనుని సన్నబరుస్తూ వచ్చింది. నేను లేనప్పుడు కూర్చుని కుట్టేది కాబోలు. నా కోసమేనే ఇది. నా వేళ్ళ కోసం. ఊరందరి బట్టలూ తిరగేశాను, నా ఇంట్లో గౌను..." బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాడు. "ఎందుకు చెప్పలేదే?"

"భయపడి ఉంటుంది మావయ్యా."

"దేనికి?"

"నువ్వు భయపడతావని."

ఆయన నా వైపు చూడలేదు. "మారితే మీరు ఊరుకుంటారా," అన్నాడు నెమ్మదిగా, అత్తయ్య మాటని. "రోజూ చెప్పింది. రోజూ నవ్వాను."

మర్నాడు పనికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నేను ఇంటికి వెళితే తలుపు తీసి, వెళ్ళి మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. పక్కింట్లో కొత్తగా దిగినాయన వచ్చి, పాపం హఠాత్తుగా పోయింది కదండీ మీ ఆవిడ అంటే, ఎప్పటి జవాబు నోటిదాకా వచ్చి ఆగిపోవడం చూశాను. ఆ జవాబు ఇంక ఆయనకి లేదు.

చిన్నమేడం టికెట్ల కిటికీ దగ్గరికి వచ్చి అడిగింది. చెప్పేశాను. ఆవిడ కిందికి వెళ్ళి ఆ గౌను చూసి, చాలాసేపటికి పైకి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మావయ్య వారాంతంలో వచ్చినప్పుడు తనే కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

"ఇది పెట్టకపోయినా ఫరవాలేదు బాబాయ్ గారూ. ఇంకో బట్ట చూద్దాం."

మావయ్య చొక్కా మీది దూది పోగులు ఏరుకుంటున్నాడు.

"లేదూ పెట్టాలని ఉంటే, మీరు చేసిన ఒంటి మీదే పెడదాం. వెనక గోడే కదా. గుండీలు వదిలేసి పిన్నులు పెడితే ముందు నుంచి ఎవరికీ తెలీదు. చాలా చోట్ల అలాగే చేస్తారు." ఇంకాస్త తగ్గించి అంది, "ఆ కుట్లు విప్పేసినా నేనేం అనను. పాత బట్టల మీద కుట్టు విప్పకూడదనుకోండి. కానీ ఇది మీ ఇంటిది."

మావయ్య తన మొండెం వైపు చూశాడు. ఆయన మనసులో ఉన్న అత్తయ్య అదే. నిండుగా, నిక్షేపంలా, మంచులా ఒక్కసారి కరిగిపోయే ముందు మనిషి. కుట్లు విప్పితే గౌను దానికి సరిగ్గా సరిపోతుంది. ఎవరూ అడగరు. ఆయనా రోజూ వచ్చి చూసుకోవచ్చు.

"విప్పితే నాకు కావలసినట్టు ఉంటుందమ్మా," అన్నాడు చివరికి. "కానీ ఆవిడ కష్టపడి కుట్టుకుంది. ఆఖరిది చూశారు కదా, చెయ్యి ఎంత వణికి ఉంటే అలా కుడుతుంది! అది నేను విప్పను."

ఆ రోజు నన్ను గదిలో ఉండమన్నాడు. కిటికీకి నా బదులు వేరేవాళ్ళని కూర్చోబెట్టి వెళ్ళాను.

బనీను గుడ్డ కుట్టు కోసి తీశాడు. లోపల తెల్లటి దూది. నడుం దగ్గర నుంచి ఓ పొర మెల్లగా ఒలిచి నా చేతిలో పెట్టాడు. ఎంత తేలికగా ఉందో. ఇంకో పొర. కొంచెం తీయడం, గౌను చుట్టి చూడడం, మళ్ళీ తీయడం. అత్తయ్య మొదటిసారి లోపలికి వేసిన కుట్టు దాకా వచ్చాక ఆగాడు.

"ఈ కుట్టు పడేనాటికి వాళ్ళ గుండీల కొట్టుకి ఇంకా కొత్త రంగులు కూడా వేయలేదు, అంత పాతది," అన్నాడు. "ఇంత తగ్గితే నేను గమనించొద్దూ!"

ఇంకా ఒలిచాడు. పక్కటెముకల దగ్గర, పొట్ట దగ్గర, వీపు మీద. నా ఒళ్ళో దూది కుప్ప పెరుగుతోంది. ఎదురుగా అత్తయ్య తరుగుతోంది. దాని తరవాతి కుట్టు దగ్గర మళ్ళీ ఆగాడు.

"మీ ఆయన ప్యాంటు కథ చెప్పావు చూడు. నవ్వి నవ్వి నడుం పట్టుకుని మెట్ల మీద కూర్చుంది. ఇప్పుడనిపిస్తోంది, నవ్వుకి అంతసేపు పట్టుకుంటారా ఎవరైనా?"

నేను దూదిలో చేతులు పెట్టుకుని కూర్చున్నాను. నాకూ ఆ మెట్లు గుర్తొచ్చాయి. లేవడానికి నా భుజం పట్టుకుంది అత్తయ్య. "నీ కథలతో చంపేస్తావే," అంది.

ఆఖరి కుట్టు దాకా వచ్చేసరికి మొండెం సన్నటి పిల్లలా అయిపోయింది. కుడిభుజం మాత్రం అలాగే పైకి ఉంది. దాన్ని ఆయన ముట్టుకోలేదు. మళ్ళీ బనీను గుడ్డ లాగి కుట్టి, గౌను తొడిగి, వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. చేతి తొడుగులు తీసేశాడు. అది నియమానికి విరుద్ధం. గుమ్మంలోకి వచ్చిన చిన్నమేడం చూసి కూడా ఏమీ అనలేదు.

పైనుంచి కిందికి. ఒకటి, తరవాతది, ఆ తరవాతది. ప్రతి గుండీ కాజాలో దూరి ఠక్కున కూర్చుంది. ఆఖరిది పెట్టాక ఆయన వేళ్ళు దాని మీదే ఉండిపోయాయి.

"అదే బిగువు," అన్నాడు. "నూలుపోగంత కూడా..."

నుదురు ఆ గుండీల వరసకి ఆనించి ఏడ్చాడు. చిన్నమేడం తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆ గౌను హాలు చివర ఉంది. అన్ని బొమ్మలూ ముందుకి చూస్తుంటాయి, అదొక్కటే వీపు ఇటు పెట్టి ఉంటుంది. చిన్నమేడమే అలా తిప్పించింది. పక్కన పలక మీద "దుకాణంలో పనిచేసిన స్త్రీ గౌను, మన కాలం" అని మాత్రం ఉంటుంది. రోజూ ఎవరో ఒకరు వెళ్తూ వెళ్తూ నా కిటికీ దగ్గర ఆగి, "ఏమండీ, ఆ చివరి బొమ్మని తిప్పి పెట్టారు, చెప్పండి మీవాళ్ళకి," అంటారు. చెబుతానండీ అంటాను. వాళ్ళ మనసు నొచ్చుకోకూడదు కదా.

మావయ్య బస్సులో ఇప్పటికీ కిటికీ సీటే సంపాదిస్తాడు. ఈమధ్య ఆ దగ్గు మాత్రం దగ్గడం లేదు.

ఒలిచిన దూదంతా ఆ రోజు ఓ సంచిలో పెట్టి ఇంటికి తీసుకెళ్ళాడు. చాలారోజులు ఆ సంచి కుర్చీలోనే ఉంది. ఒకరోజు నాకిచ్చి, "ఓ దిండు కుట్టి పెట్టవే," అన్నాడు.

"నేనా? నా కుట్టు తెలిసి కూడా?"

"నువ్వే."

కుట్టాను. ఒక మూల ఉబ్బి, ఒక మూల నొక్కుకుపోయి, అంచు కుట్టు చీమల బారులా వచ్చింది. తీసుకెళ్ళి ఇస్తే ఒళ్ళో పెట్టుకుని అంచంతా వేలితో తడిమాడు.

"మీ అత్తయ్య చూస్తే విప్పించేది," అన్నాడు.

"విప్పి మళ్ళీ కుట్టి తెస్తాలే, ఇటివ్వు."

"వద్దు," అని దిండు దగ్గరికి లాక్కున్నాడు.